గాదెగది గొలుసు

ముందు చప్పుడే వినిపించింది. ఇనుము చెక్కను తాకే సన్నని చప్పుడు. టకటకమని, తెరిపి లేకుండా, లోపలినుంచి ఎవరో తొందరపడి తలుపు తడుతున్నట్టు.

పట్టపగలు. అంతకు కొంచెం ముందే వీధిలోంచి ఎవరో "చెన్నకేశవులన్నా, ఉండావా?" అని మా నాయనను కేకేశారు. "మడికాడ ఉండాడు" అని జవాబు చెప్పి పంపించి, నేను మళ్ళీ వసారాలో కూర్చుని పద్యపాదం ఒకటి గొణుక్కుంటున్నాను. ఆ చప్పుడు నా గణాలను చెదరగొట్టింది. ఏ వృత్తంలోనూ ఇమడని నడక దానిది. లేచి లోపలికి పోయాను.

నడవ చివర గాదెగది. దాని తలుపుకు వేలాడే ఇనుపగొలుసు అదురుతోంది. ఆ తలుపుకు వీపు ఆనించి, రెండు అరచేతులూ చెక్కకు అదిమిపట్టి, నా భార్య కమలాక్షి నిలబడి ఉంది.

"ఏంది మే, ఏమైంది?"

పెదవులు పాలిపోయాయి. చెయ్యి పట్టుకుంటే బావినీళ్ళలోంచి తీసినంత చల్లగా ఉంది. గొంతు పక్కన నరం ఎగిరెగిరి పడుతోంది.

"గుండె," అంది చివరికి. "పరిగెత్తుతాంది."

"యాడికి?" అన్నాను. ఏమనాలో తోచక అన్నమాట అది.

"అది నాకు చెప్తే కదా," అంది కమలాక్షి.

అది కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన యేడు. వరికోతల కాలం. ఆళ్లగడ్డకు కూతవేటు దూరంలో మా ఊరు. ఊరికీ ఆళ్లగడ్డకూ నడుమ కాలువ. ఆ శ్రావణంలో ఆ కాలువ మా కొడుకును తీసుకుంది. ఈ మాటను ఇంతకంటె పెద్దగా చెప్పడం నాకు చేతకాదు.

వాడికి మా నాయన పేరే పెట్టాం. పెట్టిన రోజున నాయన ఊరంతా తిరిగి బెల్లం పంచాడు. కాని మా ఇళ్ళల్లో కోడలు మామ పేరు పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందంటారు. కొడుక్కు ఆ పేరు వస్తే కొడుకునూ ఆ పేరుతో పిలవదు. మొగుడి పేరు కాబట్టి మా అమ్మ రామసుబ్బమ్మకూ అది నోటికి రాని పేరే. ఆమె మనవణ్ణి "పెద్దాయనా" అనేది. కమలాక్షి "అబ్బీ" అనేది. మా సీమలో మగపిల్లవాడైతే చాలు, ప్రతివాడూ అబ్బీయే. నాయనా నేనూ మాత్రమే వాణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళం. నాయన పిలిస్తే వాడు ఏ పెరట్లో ఉన్నా "ఓ" అని పలికేవాడు.

వాడు పోయిన కొన్నాళ్ళకు ఇంట్లో ఏడుపులు ఆగాయి. కమలాక్షి పనిలో పడింది. నాట్లు వేసింది, కలుపు తీసింది. కోతలు మొదలయ్యే వేళకు ఈ దడ పట్టుకుంది. అమ్మ అహోబిలం నుంచి తాయెత్తు తెప్పించి కట్టింది. తాయెత్తు కింద కూడా గుండె అట్లాగే కొట్టుకుంది.

ఒక మధ్యాహ్నం నాయన అన్నం తింటూ, తలెత్తకుండా, కమలాక్షి వినేటట్టే అన్నాడు.

"రాశి ఇల్లు చేరనీ. కోడలిపాపను పుట్టింట్లో, బండి ఆత్మకూరులో వాళ్ళమ్మ కాడ ఇడిసొస్తాం."

"ఎన్నాళ్ళకు?" అంది అమ్మ.

"ఎన్నాళ్ళకు ఏంది? గుండె జబ్బు మనిషి. కాన్పు తట్టుకుంటాదా? ఈ ఇంటికి మళ్ళా ఒగ పిల్లోడు కావల్ల గదా. మా చెల్లెలి కూతురు ఉండనే ఉంది."

అమ్మ నా ముఖం చూసింది. నేను కంచంలోకి చూశాను. కమలాక్షి వచ్చి నాయనకు మజ్జిగ పోసింది. చుక్క ఒలకలేదు. పోసి లోపలికి పోయిన తరువాత గాదెగది గొలుసు చప్పుడైంది.

ఆ చప్పుడే నాకు నోరిచ్చింది.

"నంద్యాలలో ఒగసారి డాక్టరుకు చూపిస్తా నాయనా."

"చూపీ," అన్నాడు నాయన. "ఆయన మాత్రం ఇంకొకటి చెప్తాడా."

*

నంద్యాల బస్సులో నిలబడడానికి కూడా చోటు లేదు. మా ముందు ఇద్దరు రైతులు.

"రాజధానిని మూటగట్టి హైదరాబాదుకు తోలినారంటనే?"

"ఈ బస్సులోనే ఎక్కించినట్టుండారప్పా. కాలు పెట్టను సందు ల్యాకపాయె."

బస్సంతా నవ్వింది. కమలాక్షి కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో నాకు అప్పుడు తెలిసింది. అంతలోనే కిటికీలోంచి కాలువ కనిపించింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

శాంతయ్య డాక్టరుగారి గది బియ్యం మిల్లు పక్కన. గోడకు ఆవల ఇంజను దబదబమంటూ ఉంటుంది. కిటికీ రెక్కలమీద తవుడు సన్నగా పేరుకుని ఉంటుంది. ఆయన నెరిసిన మనిషి. తొందర లేని చేతులు. కమలాక్షి కంటి కింది రెప్ప లాగి చూశాడు. గొంతు తడిమి మింగమన్నాడు. చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా అని అడిగాడు. రాలేదంది. కాఫీ తాగుతావా అన్నాడు.

"మా ఇంట్లో కాపీ మగోళ్ళకే," అంది కమలాక్షి.

"అయితే ఈ దడ మగవాళ్ళకు రావాల్సింది," అన్నాడాయన. గొట్టం చెవులకు పెట్టుకుని చాలాసేపు విన్నాడు. ముందు విన్నాడు, వీపున విన్నాడు, ఊపిరి బిగబట్టమని విన్నాడు.

"గుండెలో ఏ లోపమూ లేదు," అన్నాడు గొట్టం తీసేస్తూ. "ఈ దడ ఎప్పుడు వస్తుంది తల్లీ? పని చేసేటప్పుడా?"

"నీళ్ళు మోసేటప్పుడు రాదు. వడ్లు దంచేటప్పుడు రాదు. ఊరికే ఉన్నెప్పుడు వస్తాది."

"పిల్లలు?"

"ఒగడు. కాలువలో పోయినాడు."

ఆయన ఆమె మణికట్టు మీద వేళ్ళు ఉంచి మెల్లగా అడిగాడు. "పేరేమిటి బాబుది?"

కమలాక్షి తల దించుకుంది. నేనే అందుకున్నాను. "చెన్నకేశవులు. మా నాయన పేరండీ."

డాక్టరుగారి చూపు తన వేళ్ళమీదికి పోయింది.

"ఇంకొకసారి అనప్పా."

"చెన్నకేశవులు."

ఆమె చేతి గాజులు ఒకదానికొకటి తాకి సన్నగా మోగాయి. వీధిలో నాయనను పిలిచిన కేక నాకప్పుడు గుర్తుకు వచ్చింది. ఆ కేక తరువాతనే గొలుసు అదిరింది. భోజనాల వేళ పిల్లవాడి మాట వచ్చిన తరువాతనే గొలుసు అదిరింది. ఒకే ఇంట్లో ఉండి, ఒకే మంచం మీద పడుకుని, ఆ రెండింటినీ నేను కలిపి చూడలేదు.

"ఆ రోజు ఏం జరిగింది తల్లీ?" అన్నాడు డాక్టరుగారు.

చెప్పదనుకున్నాను. చెప్పింది. నాకు చెప్పనిది, అమ్మకు చెప్పనిది, తవుడు వాసన వేసే ఆ గదిలో, ముక్కూ ముఖం తెలియని మనిషికి చెప్పింది.

"గుడ్డలు ఉతుకుతాండా. గట్టుమీద పిల్లోళ్ళు ఆడతాండారు. మావోడు ఒగడే తూము తట్టుకు పోతాండాడు. ఆడ మన్ను నానింది, జారతాదని నాకు తెలుసు. అబ్బీ అని అరిసినా. గట్టుమీద పిల్లోళ్ళంతా తిరిగినారు. వాడు తిరగల్యా. మళ్ళా అరిసినా, అబ్బీ అని. మళ్ళా వాళ్ళే తిరిగినారు." కొంగు చివర వేలికి చుట్టుకుంది. "వాళ్ళ తాత పిలిచే పేరు గొంతు దాకా వచ్చింది. అంటే మామకు చెడుపు. నోరు మూసుకున్నా. నోరు మూసుకోని పరిగెత్తినా. పొయ్యేతలికి గట్టుమీద ఎవరూ లేరు."

గోడకు ఆవల ఇంజను తన నడక తాను నడుస్తోంది. ఉన్నట్టుండి దాని చప్పుడు మారింది. బరువు పోయి, పలచనై, వెర్రెత్తినట్టు ఉరకడం మొదలుపెట్టింది. మిల్లులో ఎవరో కేకలు వేశారు.

"విన్నావా తల్లీ?" అన్నాడు డాక్టరుగారు. "బెల్టు జారింది. ఇంజనుకు రోగం ఏమీ లేదు. తిప్పడానికి చక్రం లేకపోయేసరికి ఒట్టిగా ఉరుకుతోంది. మన ఒళ్ళు కూడా అంతే. భయం వచ్చినప్పుడు అది మనల్ని అడగదు. పరుగెత్తడానికో, అరవడానికో తయారైపోతుంది. నెత్తురు కాళ్ళకు మళ్ళుతుంది, అందుకే చేతులు చల్లబడతాయి. నోరు ఎండిపోతుంది. గుండె పరుగు అందుకుంటుంది. పరుగెత్తాక, అరిచాక, అన్నీ మళ్ళీ సర్దుకుంటాయి. ఆ రోజు నువ్వు అరవాల్సింది అరవలేదు. అందుకని నీ ఒళ్ళు ఇంకా ఆ గట్టుమీదనే ఉంది. ఆ పేరు వినపడినప్పుడల్లా మళ్ళీ తయారవుతోంది."

"పేరు పెట్టి పిలిచింటే," అంది కమలాక్షి, "వాడు తిరిగుండునా?"

ఆయన చెప్పిన జవాబుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

"తెలియదు తల్లీ. తూము దగ్గర నీళ్ళ హోరు ఎక్కువ. వినపడి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అది నాకూ తెలియదు, నీకూ తెలియదు."

దడ వచ్చినప్పుడు దాన్ని ఆపాలని చూడవద్దన్నాడు. కూర్చోమన్నాడు. ఊపిరి పీల్చినదానికంటె వదలడం నిదానంగా సాగాలని, తానే వదిలి చూపించాడు. "ఇది నిన్ను చంపదు. చంపుతుందేమో అన్న భయమే నిన్ను తింటోంది. కాన్పుకేమీ అడ్డం కాదు." నేను గడప దాటుతుంటే నా భుజం మీద చెయ్యి వేసి, "మీ నాయనతో మాట్లాడప్పా," అన్నాడు.

అది ఆయనకు సులువుగా తోచిన మందు. నేను పుట్టి బుద్ధెరిగాక మా నాయనతో నిలబడి నాలుగు మాటలు మాట్లాడిందే లేదు.

*

కళ్ళంలో మాట్లాడాను. నాయన కొంకికర్రతో గడ్డి విదిలిస్తున్నాడు. బస్సులో అల్లుకున్న మాటలన్నీ ఎదురుగా నిలబడేసరికి ఎటో పోయాయి. ఇంజను అన్నాను, బెల్టు అన్నాను, నెత్తురు అన్నాను. చివరికి కాలువగట్టు సంగతి చెప్పాను. నాయన చేతులు ఆగాయి, మళ్ళీ విదిలించసాగాయి.

"అంటే ఏందిరా? ఆ పాప నోట్లోనుంచి నా పేరు రావల్లంటావా? దానికోసరం నంద్యాలకు పోయొస్తివా?"

"డాక్టరు..."

"మా అమ్మ సచ్చేదాకా మా తాత పేరు పలకల్యా. ఆయమ్మకు దడ రాల్యా." కొంకి గడ్డిలోకి గుచ్చాడు. "రాశి ఇల్లు చేరినాంక బండి కట్టు. ఇంగ మాట్లాడగాకు."

ఇంటికి వచ్చి కమలాక్షికి ఏమీ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. తన రేకుపెట్టె దులిపి ఎండలో పెట్టింది. చీరలు మడిచి సర్దింది. వాడి ఎర్రచొక్కా ఒకటి ఆ మడతల నడుమ పెట్టబోయి, తీసి, మళ్ళీ దండెం మీద వేసింది. ఆ చొక్కా ఇంటిదో తనదో ఆమెకు తేలలేదు.

కొలత రోజు వచ్చింది. మా ఊళ్ళో కొలతకు ఒక పద్ధతి ఉంది. వడ్లు కొలిచే కొలగాడు నరసింహులు రాశికి దండం పెట్టి, రాశిగలాయన పేరు పెట్టి పిలుస్తాడు. ఆయన "ఓ" అని పలకాలి. పలికితేనే కొలిచే పాత్ర, మానిక, రాశిలో దిగుతుంది. మొదటి మానికను ఒకటి అనకుండా "లాభం" అంటాడు. కిందటి యేడు నరసింహులు "చెన్నకేశవులన్నా!" అని పిలిస్తే, నాయన భుజం మీద కూర్చున్న మావాడు తాతకంటె ముందు "ఓ" అన్నాడు. కళ్ళమంతా నవ్వులు. "ఏ చెన్నకేశవులు రాశి కొలవల్లనా? పెద్దోనిదా, చిన్నోనిదా?" అన్నాడు నరసింహులు. "చిన్నోనిదే కొలువప్పా, నాదేముంది," అన్నాడు నాయన.

ఈ యేడు నవ్వులు లేవు. వడ్లు మాత్రం కిందటి యేటికంటె బాగా పండాయి. నరసింహులు దండం పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

"చెన్నకేశవులన్నా."

నాయన పలకలేదు.

వినపడలేదేమోనని నరసింహులు ఇంకొంచెం గట్టిగా పిలిచాడు. నాయన రాశి వైపే చూస్తూ నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు ఎదమీదికి జారి ఉంది. గాలి లేదు, పొల్లు ఒక్కటీ కదలడం లేదు. తువ్వాలు అంచు మాత్రం అదురుతోంది. ఆ అదురు ఎక్కడ చూశానో నాకు తెలుసు. ఆయన కుడిచెయ్యి తువ్వాలు కిందికి పోయి ఎదను అదిమింది. మెల్లగా గడ్డిమోపు మీద కూర్చున్నాడు.

"ఏందన్నా, ఎండ తగిలిందా?" అన్నాడు నరసింహులు.

"ఓ," అన్నాడు నాయన. ఎండ తగిలిందన్నాడో, పిలుపుకు పలికాడో ఎవరికీ తెలియలేదు. "కానియ్యప్పా. కొలువు."

"లాభం," అంటూ నరసింహులు మానిక దించాడు.

బండ్లు ఇంటికి కదిలిన తరువాత నాయన నా వెనకగా వచ్చాడు. ఊరు దగ్గరపడ్డాక అడిగాడు.

"చేతులు చల్లబడతాయన్న్యాడా, ఆ డాక్టరు?"

"అన్న్యాడు నాయనా."

నాయన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు. తువ్వాలుకు తుడుచుకున్నాడు. అంతే.

*

మరునాడు పొద్దున బండి కట్టమన్నాడు. నేను కట్టాను. ఆళ్లగడ్డ దాకా బండి, అక్కడినుంచి నంద్యాల మీదుగా బస్సు. అమ్మ కమలాక్షికి కుంకుమ పెట్టి, ఒడిలో బియ్యం పోసి, మళ్ళీ రా అనలేక గడపలోనే కూలబడింది. కమలాక్షి రేకుపెట్టె నేనే ఎత్తి బండిలో పెట్టాను. అది తేలికగా ఉంది. నాయన పిలవకుండానే వచ్చి ముందు కూర్చున్నాడు.

దారిపొడుగునా కోసిన మళ్ళలో వరికొయ్యలు, మంచులో తడిసి నల్లగా. కోతలయ్యాయి గనుక కాలువకు నీళ్ళు ఆపేశారు. వంతెన దగ్గరికి వచ్చేసరికి కాలువ అడుగు బయటపడి కనిపించింది. ఒండ్రు, పాచి, అక్కడక్కడ మడుగులు. మనిషిని మింగగలిగిన లోతు ఎక్కడా లేదు.

"ఆపురా," అన్నాడు నాయన.

ఆపాను. ఆయన దిగి, బండి వెనకకు వచ్చి నిలబడ్డాడు.

"ఆ పొద్దు యాడ నిలబడింటివి పాపా?"

కమలాక్షి నన్ను చూసింది. దిగింది. గట్టు కింద చాకిరేవు బండ చూపించింది.

"వాడు?"

ఆమె చెయ్యి ఎత్తింది. తూము దగ్గర గట్టు కొరికినట్టు విరిగి ఉంది. దానిమీద కొత్తమన్ను పోశారు. ఆ మన్ను మీద ఇంకా గడ్డి మొలవలేదు.

"బండి ఊరి తట్టుకు తిప్పి నిలబెట్టు," అన్నాడు నాయన నాతో.

తిప్పాను. ఎద్దులు ఇంటివైపు ముఖం పెట్టి నిలబడ్డాయి. నాయన చెప్పులు గట్టుమీద విడిచి, ఉత్త కాళ్ళతో తూము వైపు నడిచాడు. వాడు నడిచిన దారినే నడిచాడు. విరిగిన చోటికి పోయి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"పిలువు పాపా," అన్నాడు అక్కడినుంచి, తిరగకుండానే.

కమలాక్షి బండి అంచున నిలిపిన గూటాన్ని పట్టుకుంది. బండిలోని రేకుపెట్టెకు వేసిన తాళం పెట్టెను తాకుతూ టకటకమనసాగింది.

"మామా," అంది. "వొద్దు మామా. ఈడికి రా."

"మామా అంటే తిరగను."

"నీకు చెడుపు మామా."

"ఆయుస్సు తరిగితే తరగనీ. మిగిలి మాత్రం ఏం జేసేదుంది."

ఆమె ఊపిరి అందక వంగింది. కొంతసేపటికి లేచి, "అబ్బీ," అని అరిచింది. ఆ అరుపుకు ఎద్దు ఒకటి చెవి తిప్పింది. నాయన తిరగలేదు. కొత్తమన్ను మీద ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన కాలికింద మన్ను పొడిపొడిగా రాలి కాలువలో పడింది.

నేను పగ్గాలు వదిలి పరుగెత్తబోయాను. కమలాక్షి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. బండి గూటాన్ని వదిలింది. నడిచిపోయి చాకిరేవు బండ మీద నిలబడింది. డాక్టరు చూపించినట్టు ఊపిరి వదిలింది, నిదానంగా, లోపల ఉన్నదంతా పోయేదాకా. నా వెనక పెట్టె తాళం చప్పుడు ఆగింది. అప్పుడు ఆమె తల ఎత్తి, ఆవలి గట్టుకు తగిలి తిరిగివచ్చేటట్టు, పిలిచింది.

"చెన్నకేశవులూ..."